గాడిలో పాట, గాలిలో ఉప్పు

ఉప్పు ఎప్పుడు నీరవుతుందో రసాయన శాస్త్రం కచ్చితంగానే చెబుతుంది. మామూలు గది వేడిలో గాలి తేమ 75 శాతం దాటిందంటే సోడియం క్లోరైడ్ రేణువు చుట్టూ ఉన్న ఆవిరిని లాక్కోవడం మొదలుపెట్టి, చివరికి తానే కరిగి ఉప్పునీటి చుక్క అయిపోతుంది. విశాఖపట్నంలో ఏడాదిలో చాలా నెలలు తేమ ఈ గీతకు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. రామకృష్ణా బీచ్‌లో అల విరిగిన ప్రతిసారీ లేచే తుంపర గాలిలోనే ఎండి, కంటికి ఆనని రేణువులై ఊళ్ళోకి వస్తుంది. కిటికీ చువ్వల మీద వాలితే తుప్పు, రాగి మీదా ఇత్తడి మీదా వాలితే చిలుము. పగలు ఎండి రాత్రి మళ్ళీ తడిసే ఆ పలచటి పొరలో విద్యుత్తు పారుతుంది. ఆ పారుడుతోనే లోహం అణువు అణువుగా కరిగిపోతుంది.

ఏళ్ళ తరబడి అటక మీద ఉండిపోయిన టర్న్‌టేబుల్‌ను దించి, ఇంట్లో మిగిలిన రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకునే విశాఖవాసి మొదట తలపడవలసింది ఈ ఉప్పుతోనే. కానీ చాలామంది చివరి నుంచి మొదలుపెడతారు. గరగరను బాగా తీసేసే సాఫ్ట్‌వేర్ ఏదని అడుగుతారు. ముల్లు గాడిలో సరిగ్గా కూర్చోక వదిలేసిన దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి పుట్టించలేదు. రికార్డులో ఉన్నది ఒక ఆకారం. ప్లాస్టిక్‌లోనో లక్కలోనో చెక్కిన వంకర గీత. ఆ వంకరను మైక్రాన్లలో కొలిచే పరికరం టర్న్‌టేబుల్. అది పాడుతుందనే ఊహను కాసేపు పక్కనపెట్టి, కొలుస్తుందని అనుకుంటే దాని బాగుచేతలో ఏది ముఖ్యమో, ఏది కాదో తేలిపోతుంది.

ఈ ప్రాంతపు ఇళ్ళలో మూడు తరాల ప్లేట్లు కలగాపులగంగా దొరుకుతాయి. అడుగున నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లు: హరికథలు, నాటక పద్యాలు, కచేరీ కృతుల ముక్కలు. ఒక్కో పక్కకు మూడు నిమిషాలు దాటితే గొప్ప. అందుకే ఆ కాలపు గాయకులు ఆలాపనను కోసేసి పద్యాన్ని గబగబా ఎత్తుకుంటారు. వాటి పైన 45 చుట్ల చిన్న ఈపీలు. ఆ పైన 33⅓ చుట్ల ఎల్పీలు. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూశాక మార్కెట్లోకి వచ్చిన ఆయన భగవద్గీత వీటిలో తరచుగా కనబడుతుంది. 1980 నాటి శంకరాభరణం పాటలూ అంతే. ఘంటసాల ఉత్తరాంధ్ర వాళ్ళకు మరీ దగ్గరివాడు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చదివి, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర తీర్చిదిద్దుకున్న గొంతు అది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా మొదలైన ఆ కళాశాలలోనే ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పారు. పి. సుశీలదీ విజయనగరమే. అంటే విశాఖలో ఒక పాత పెట్టె తెరిస్తే అందులో పొరుగూరి సంగీత చరిత్ర కొంత తప్పకుండా ఉంటుంది.

ప్లేటు ఏ చేతుల మీదుగా వచ్చిందో కనుక్కోవడం మంచిది. ఇంట్లో వాడినదైతే సాధారణంగా దుమ్ము, వేలిముద్రలు, బూజు మాత్రమే ఉంటాయి. మైకుసెట్టు వాళ్ళు అమ్మేసిందైతే కథ వేరు. పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో, ఊరేగింపుల్లో బరువైన ముల్లు కింద వందలసార్లు అరిగిన గాడి వెలుతురులో తిప్పి చూస్తే బూడిదరంగులో మెరుస్తుంది. అయినా పారేయకండి. పాత ముల్లు గాడి గోడను ఒక ఎత్తులో మాత్రమే తినేసి ఉంటుంది. దానికన్నా కాస్త లావు ముల్లు గోడ పై భాగాన్నీ, కాస్త సన్నది కింది భాగాన్నీ తాకుతుంది. అక్కడ అసలు ఆకారం ఇంకా మిగిలి ఉండవచ్చు. 78 ప్లేట్లను భద్రపరిచేవాళ్ళు ఒకే ప్లేటుకు రెండు మూడు కొలతల ముళ్ళు మార్చి చూసేది ఇందుకే. మామూలుగా 78కి ముల్లు మొన వ్యాసార్ధం 65–75 మైక్రాన్ల దగ్గర, ఎల్పీకి 18 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. ఎల్పీ ముల్లుతో 78 పెడితే అది గోడలను వదిలి గాడి అడుగున దొర్లుతూ, అక్కడి మట్టిని చదివి వినిపిస్తుంది.

ఇక యంత్రం. తెలుగు ఇళ్ళలో ఎక్కువగా దొరికేవి హెచ్.ఎం.వి. ఫియెస్టా లాంటి పెట్టె ప్లేయర్లు, ఫిలిప్స్‌వి, కొంచెం స్థితిమంతుల ఇళ్ళలో గారార్డ్ చేంజర్లు. వీటిలో చాలావాటికి ఉండేది పీజో కార్ట్రిడ్జ్, అంటే ముల్లు ఊపును స్ఫటికంతో విద్యుత్తుగా మార్చే భాగం. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటి రెండు ముఖాల మధ్య వోల్టేజీ పుడుతుందని 1880లో జాక్, పియరీ క్యూరీ సోదరులు కనిపెట్టారు. అప్పుడు వాళ్ళు పరీక్షించిన స్ఫటికాల్లో రోషెల్ లవణం ఒకటి. చిన్న వంపుకే బోలెడంత వోల్టేజీ ఇస్తుంది కాబట్టి తొలి క్రిస్టల్ పికప్‌లలో దీన్నే వాడారు. దీనికొక జబ్బుంది. గాలి బాగా పొడిబారితే తన స్ఫటికంలోని నీటిని వదిలేసి పిండి అవుతుంది. తేమ ఎక్కువైతే కరిగిపోతుంది. విశాఖలో మొదటిదానికి అవకాశం లేదు, రెండోదానికి కొదవ లేదు. సముద్రపు ఊళ్ళో పాత క్రిస్టల్ కార్ట్రిడ్జ్ పలకడం లేదంటే లోపల స్ఫటికమే ఉండకపోవచ్చు. దాన్ని బాగుచేసే ఆశ వదులుకోవడం మేలు. తర్వాత వచ్చిన సిరామిక్ కార్ట్రిడ్జ్‌లో బేరియం టైటనేట్ లాంటి పింగాణీ జాతి పదార్థం ఉంటుంది, తేమకు జంకదు. అయితే ముల్లును దానికి కలిపే రబ్బరు ముక్క గట్టిపడి పొడి అయిపోతుంది.

సిరామిక్ కార్ట్రిడ్జ్ బతికే ఉందనుకుందాం. దాని తీగలను నేరుగా కంప్యూటర్ సౌండ్ కార్డుకు కలిపితే పాట రేకుడబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. జనం తప్పు ప్లేటుదనుకుంటారు. తప్పు లెక్కలో ఉంది. ఈ కార్ట్రిడ్జ్ విద్యుత్తు దృష్టిలో ఒక చిన్న కెపాసిటర్. సుమారు 800 పికోఫారడ్లనుకుంటే, 47 కిలోఓమ్‌ల ఇన్‌పుట్‌కు కలిపినప్పుడు 4,200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా క్రమంగా నీరసిస్తుంది. మనిషి గొంతు ఆధారస్వరాలన్నీ అంతకు ఎంతో కిందే ఉంటాయి. అదే 10 లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్‌కు కలిపితే ఆ గీత 200 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. కొద్దిపాటి సరుకుతో రేడియో మెకానిక్ చేసిపెట్టగల చిన్న ఎఫ్‌ఈటీ సర్క్యూట్ ఈ పని చేస్తుంది.

నా అభిప్రాయం అడిగితే ఫియెస్టాను వినడానికి బాగుచేసుకోండి, కొలవడానికి కాదు. దాని ముల్లు నాలుగైదు గ్రాములో, ఇంకా ఎక్కువో బరువుతో నొక్కుతుంది. డిజిటైజ్ చేసే పనికి 1970, 80ల నాటి బెల్టు డ్రైవ్ గానీ డైరెక్ట్ డ్రైవ్ గానీ ఉన్న టర్న్‌టేబుల్‌ను, మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌తో వాడాలి. అది గ్రామున్నర నుంచి రెండు గ్రాముల బరువుతో సరిపెట్టుకుంటుంది. రెండు గ్రాములంటే తేలికనిపిస్తుంది గానీ, మొన గాడి గోడను తాకే చోటు కొన్ని చదరపు మైక్రాన్లే. చదరపు సెంటీమీటరుకు లెక్కగడితే అది టన్నుల్లోకి వెళ్తుంది. ఫియెస్టా నొక్కుడు ఎంతో ఊహించుకోవచ్చు.

మూలపడ్డ యంత్రంలో ముందు చూడవలసింది మోటారు. స్విచ్చి వేస్తే చిన్నగా గుంయిమంటూ తిరగకుండా ఉంటే చాలామంది కాలిపోయిందనుకుంటారు. పూర్ణామార్కెట్ వైపు ఇంకా అంగడి తెరిచే ఒక పెద్దాయన చేత్తో ఇరుసు తిప్పి చూసి, “మోటారు పోలేదు బాబూ, నూనె పోయింది” అన్నాడు. ఇరుసు కూర్చునే కంచు బుషింగ్‌లో కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటిలో దాగిన నూనె ఏళ్ళు గడిచాక జిగురై బిగుసుకుంటుంది. పాత జిగురు తుడిచేసి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి, చేత్తో కాసేపు తిప్పితే చాలావరకు కదులుతుంది. కొబ్బరినూనె మాత్రం వద్దు. అది గాలి సోకి మళ్ళీ బంక అవుతుంది. చేంజర్ల అడుగున పళ్ళచక్రాలకు పూసిన గ్రీజు మైనంలా గట్టిపడితే గీకి తీయడమే.

బెల్టు దాదాపు ఎప్పుడూ పోయే ఉంటుంది. రబ్బరులోని పొడవాటి అణుగొలుసులను వేడి, ఓజోన్ తెంచేస్తాయి. కొన్ని బెల్టులు పెళుసై విరుగుతాయి, కొన్ని తారులా కరిగి చక్రానికి అంటుకుంటాయి. కొత్తది కొనేటప్పుడు మోడల్ పేరు దొరకకపోతే, బెల్టు నడిచే దారి వెంట దారం చుట్టి కొలిచి, దానికన్నా నాలుగైదు శాతం తక్కువ చుట్టుకొలత ఉన్నది తీసుకోవాలి. సైకిల్ ట్యూబు కోసి వేసేవాళ్ళున్నారు. తిరుగుతుంది గానీ, కోత మందంలో ఉన్న ప్రతి తేడా పాటలో వణుకై వినిపిస్తుంది. గారార్డ్ లాంటి వాటిలో బెల్టు బదులు రబ్బరు చక్రం ఉంటుంది. ఏళ్ళపాటు ఒకేచోట మోటారుకు ఒత్తుకుని ఉంటే దానికి నొక్కు పడి, తిరిగినప్పుడల్లా దబ్ దబ్ మంటుంది.

తర్వాత చిలుము. ముల్లు దగ్గర పుట్టే సంకేతం నాలుగైదు మిల్లీవోల్టులు. తెలుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో వెంట్రుకల్లాంటి నాలుగు తీగలు దాన్ని మోసుకొస్తాయి. తెలుపు–నీలం ఎడమ చానెల్‌కి, ఎరుపు–ఆకుపచ్చ కుడి చానెల్‌కి. ఒక్క క్లిప్పు మీద చిలుము చేరినా ఆ చానెల్ మాయమవుతుంది, లేదా వచ్చీరానట్టు వస్తుంది. పాత మెకానిక్‌లు దీనికి ‘సీటీసీ’ వాడేవారు, అంటే కార్బన్ టెట్రాక్లోరైడ్. కాలేయానికి విషం, ఓజోన్ పొరకు శత్రువు. ఎవరి దగ్గరైనా ఇంకా సీసా ఉంటే దూరంగా ఉండండి. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చాలు. ఎర్త్ తీగ బిగించకపోతే 50 హెర్ట్జ్ గుయ్‌మనే రొద పాట కింద స్థిరపడుతుంది. లాప్‌టాప్‌ను చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే అందులో కొంత పోతుంది.

యంత్రం తిరుగుతోంది. సరైన వేగంతో తిరుగుతోందా? ఇక్కడ చుక్కల చక్రం పనికొస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత ఫిలమెంటు బల్బు, నియాన్ దీపం సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. 33⅓ చుట్ల వేగంలో పళ్ళెం సెకనుకు 0.5556 చుట్టు తిరుగుతుంది. 100ను దానితో భాగిస్తే 180. అంటే అంచున 180 చుక్కలు గీస్తే, వేగం సరిగ్గా ఉన్నప్పుడు ఒక మిణుకుకూ తర్వాతి మిణుకుకూ మధ్య ఒక చుక్క జాగాలోకి పక్క చుక్క వచ్చి కూర్చుంటుంది. చుక్కలు కదలనట్టే కనిపిస్తాయి. 78కి ఈ భాగహారం నిశ్శేషంగా తెగదు. 76.92 వస్తుంది. సగం చుక్క గీయలేం కాబట్టి 77 గీస్తారు, అప్పుడు అసలు వేగం 77.92 అవుతుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ 92 చుక్కలు, 78.26 చుట్లు.

ఇందులో ఒక చిక్కుంది. మోటారు సింక్రనస్ జాతిదైతే అది కూడా కరెంటు పౌనఃపున్యాన్నే అనుసరించి తిరుగుతుంది. దీపమూ అదే కరెంటుతో మిణుకుతుంది. కరెంటే నెమ్మదిస్తే రెండూ కలిసి నెమ్మదిస్తాయి, చుక్కలు మాత్రం అబద్ధమాడుతూ నిలబడే ఉంటాయి. 1990ల్లో లోడు ఎక్కువైన సాయంత్రాల్లో దక్షిణ గ్రిడ్ పౌనఃపున్యం 49 కిందికి జారిన రోజులున్నాయి. 50 బదులు 49 అయితే వేగం రెండు శాతం తగ్గి, పాట అరస్వరంలో మూడోవంతు దిగుతుంది. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్ దేశంలోని మిగతా గ్రిడ్‌తో ఏకమయ్యాక ఇది చాలావరకు సర్దుకుంది. అయినా ఈరోజుల్లో ఫోన్‌లోని క్వార్ట్జ్ గడియారం ఆధారంగా వేగం చూసే యాప్‌లు మరింత నమ్మదగినవి. పైగా మంచి ఎల్ఈడీ దీపం మిణకదు, దాని కింద చుక్కల చక్రం చూసి ప్రయోజనం లేదు.

వేగం సరే, స్థిరత్వం? ప్లేటు మధ్య రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు పడిందనుకోండి. కేంద్రం నుంచి 100 మిల్లీమీటర్ల దూరంలో వేగం అర శాతం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మన సంగీతంలో వెనక తంబురా ఆగకుండా మోగుతుంటుంది. రెండు సెకన్లకొకసారి ఆ శ్రుతి తూగితే చెవి వెంటనే పసిగడుతుంది. గాయకుడి గమకం సెకనుకు ఎన్నోసార్లు ఊగేది, తంబురా ఊగనే ఊగదు; కాబట్టి తంబురా కదిలిందంటే తప్పు ప్లేటుది. రంధ్రాన్ని సన్నగా అరగదీసి ప్లేటును కొద్దిగా జరిపి నడుపుతారు కొందరు. నాకది ఇష్టం ఉండదు, తిరిగి పూడ్చలేం. పళ్ళెం మధ్య ఇరుసు ఊడివచ్చే రకమైతే దాన్ని తీసేసి ప్లేటును కంటితో సర్దుకోవచ్చు.

ఇప్పుడు గాడిలోకి దిగుదాం. ఎల్పీ బయటి గాడి వ్యాసార్ధం 146 మిల్లీమీటర్లు. అక్కడ ముల్లు కింద సెకనుకు 51 సెంటీమీటర్ల గాడి జారిపోతుంది. లోపలి చివర, 60 మిల్లీమీటర్ల దగ్గర, 21 సెంటీమీటర్లే. ఒక పక్క మొత్తం గాడిని సాగదీస్తే దాదాపు అర కిలోమీటరు. 10,000 హెర్ట్జ్ స్వరానికి బయట ఒక్కో అల పొడవు 51 మైక్రాన్లు, లోపల 21. ముల్లు మొన వ్యాసార్ధమే 18 మైక్రాన్లు కాబట్టి లోపలి అలల మలుపుల్లోకి అది పూర్తిగా దిగలేదు. ప్రతి పక్కా చివరి పాటలో ‘స’కారాలు బొంగురుపోవడానికి మూలం ఇదే. మొన గుండ్రంగా కాక అండాకారంగా ఉన్న ముల్లు ఇక్కడ తేడా చూపిస్తుంది. డబ్బు పెట్టాల్సి వస్తే నేను సౌండ్ కార్డు కన్నా ముందు ముల్లు మీద పెడతాను.

టోన్‌ఆర్మ్ పైకి స్థిరంగా కనిపిస్తుంది గానీ, ముల్లును పట్టుకున్న సాగే గుణం గల చిన్న కడ్డీ, ఆ చేతి బరువు కలిసి ఒక స్ప్రింగూ గుండూ అవుతాయి. వాటికి తమదైన ఊపు ఉంటుంది. 20 గ్రాముల ద్రవ్యరాశి, మిల్లీన్యూటన్‌కు 12 మైక్రాన్లు వంగే కడ్డీ అయితే ఆ ఊపు సెకనుకు 10 సార్లు. ఇది మంచి చోటు. వంకరపోయిన ప్లేటు పైకీ కిందికీ ఊపేది సెకనుకు అర నుంచి ఐదారు సార్లు. పాట మొదలయ్యేది 20 హెర్ట్జ్ పైన. ఆ రెండింటి మధ్య ఖాళీలో ఊపు పడితే ఎవరి జోలికీ పోదు. ముల్లు బరువు సరిచూడటానికి బంగారం పనివాళ్ళు వాడే చిన్న డిజిటల్ త్రాసు సరిపోతుంది, ధరా తక్కువే.

గాడిలోని రెండు గోడలు చెరొక 45 డిగ్రీల వాలులో ఉంటాయి. ఎడమ చానెల్ ఒక గోడ మీద, కుడి చానెల్ రెండో గోడ మీద చెక్కవచ్చని ఈఎంఐ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లోనే పేటెంటు రాశాడు. స్టీరియో ఎల్పీలు అంగట్లోకి రావడానికి ఆ తర్వాత పాతికేళ్ళు పైనే పట్టింది. ఇది మన మోనో ప్లేట్లకూ పనికొస్తుంది. మోనో పాట ముల్లును అడ్డంగా మాత్రమే కదుపుతుంది. నిలువుగా కదిపేది దుమ్ము, మోటారు గుడగుడ. స్టీరియో కార్ట్రిడ్జ్‌తో రికార్డు చేసి రెండు చానెల్‌లనూ కలిపితే అడ్డపు కదలిక రెట్టింపవుతుంది, నిలువు కదలిక తనను తానే రద్దు చేసుకుంటుంది. ఒక గోడ మరీ అరిగిపోతే రెండోదాన్నే ఉంచుకోవచ్చు. కాబట్టి మోనో ప్లేటును కూడా రెండు చానెల్‌లలో పట్టుకుని, నిర్ణయం తర్వాత చేయండి.

ప్లేటు చెక్కేటప్పుడు మంద్ర స్వరాలను ఉన్నంత బలంతో చెక్కితే గాడి పక్కగాడిలోకి దూసుకుపోతుంది. అందుకని వాటిని తగ్గించి, తార స్వరాలను పెంచి చెక్కుతారు. వినేటప్పుడు ఫోనో ప్రీఆంప్లిఫయర్ దీన్ని తిరగేస్తుంది. పెంచి చెక్కిన తారస్థాయిని తగ్గించేటప్పుడు గాడి బుసబుస కూడా దానితోపాటు తగ్గుతుంది. 20 హెర్ట్జ్ దగ్గరా 20,000 దగ్గరా ఈ తేడా పదింతలకు దగ్గరగా ఉంటుంది. 1954 నుంచి ఆర్‌ఐఏఏ పేరుతో క్రమంగా అందరూ ఒకే లెక్కకు వచ్చారు. అంతకుముందు ఏ కంపెనీ లెక్క దానిదే. 78 ప్లేట్లలో చాలావాటికి తారస్థాయి పెంపు ఉండదు. వాటిని ఆర్‌ఐఏఏ పెట్టెలోంచి పంపితే హరిదాసు గొంతు కంబళి కప్పుకుని పలుకుతుంది.

రికార్డు చేసేముందు కడగాలి. బోరునీళ్ళు ఎండితే గాడిలో సున్నం మిగులుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి, సీసా మీద ఆమ్లం కాదని చూసుకుని. అందులో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క. కుంకుడు రసం కూడా తలతన్యతను తగ్గించేదే గానీ, దాని పిప్పి గాడిలో మిగులుతుంది. వినైల్ ప్లేటుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా కలపవచ్చు. లక్క ప్లేటుకు ఆల్కహాల్ తాకనివ్వకండి. లక్క దానిలో కరుగుతుంది, కర్రసామానుకు పాలిష్ పెట్టేది ఆ సూత్రంతోనే. హుద్‌హుద్ తుపానుకు తడిసిన అట్టల్లోని ప్లేట్లైతే బూజు ధూళి పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మంచిది. కడిగాక నిలువుగా ఆరబెట్టాలి, ఎండలో కాదు. వినైల్ మెత్తబడటానికి 60–70 డిగ్రీలు చాలు, మే నెలలో మూసి ఉన్న కారులో ఆ వేడి వస్తుంది. విశాఖ తేమకు ఒక సుగుణం కూడా ఉందిక్కడ. పొడి ఊళ్ళలో ప్లేటు తుడవగానే స్థిర విద్యుత్తు పుట్టి దుమ్మును లాక్కుంటుంది. తేమ గాలిలో ఆ ఆవేశం నిలవదు.

కంప్యూటర్ పని ఇప్పుడు మొదలు. సెకనుకు 96,000 నమూనాలు, ఒక్కోటి 24 బిట్లు. ఎల్పీలో ఉండే శబ్దవ్యాప్తికి 16 బిట్లే చాలు కదా అంటే నిజమే. మిగతా బిట్లు స్థాయిని భయం లేకుండా తక్కువగా పెట్టుకోవడానికి, తర్వాత లెక్కలు చేయడానికి. నిమిషానికి 34 మెగాబైట్లు పైన, ముప్పావు గంట ఎల్పీకి ఒకటిన్నర గిగాబైట్లు. ఫ్లాక్ రూపంలో దాస్తే ఏ నష్టమూ లేకుండా బాగా తగ్గుతుంది. ఎక్కువ నమూనాల వల్ల అసలు లాభం మరొకటి: గీత వల్ల పుట్టే టిక్కు మిల్లీసెకను కన్నా తక్కువ ఉంటుంది. నమూనాలు దట్టంగా ఉంటే దాని నిటారు అంచు స్పష్టంగా కనబడి, సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టి, అటూ ఇటూ ఉన్న తరంగాన్ని బట్టి ఆ ఖాళీని పూడుస్తుంది. ఉచితంగా దొరికే ఆడాసిటీ ఈ పని చేయగలదు.

కానీ ఈ సాఫ్ట్‌వేర్‌కు మృదంగం తెలియదు. చాపు దెబ్బ మొదటి అంచు కూడా నిటారుగానే ఉంటుంది. అదీ టిక్కేననుకుని కోసేస్తుంది. దీనికొక పరీక్ష ఉంది. శుభ్రం చేసిన పాటను అసలు పాటలోంచి తీసేసి, మిగిలింది వినండి. అందులో టిక్కులు మాత్రమే ఉంటే సరే. తాళం వినబడుతుంటే కత్తి లోతుగా దిగినట్టే. బుసబుస తీసే సాధనాలతో ఇంకా ప్రమాదం. తంబురా జీవాళితో (తీగ కింద పెట్టే దారంతో) పుట్టే సన్నటి అనుస్వరాలు బుసబుసలాగే కనబడతాయి. వాటిని తుడిచేస్తే గాయని ఖాళీ గదిలో నిలబడి పాడినట్టుంటుంది. ఎంత శుభ్రం చేసినా, చేయని ఫైలును అలాగే దాచండి. రేపటి సాధనాలు ఇవాళ్టికన్నా మెరుగవుతాయి, ముల్లు కింద ప్లేటు మాత్రం మళ్ళీ అరుగుతుంది.

78 ప్లేట్లలో ఇంకో ప్రశ్న మిగులుతుంది. అన్నీ 78లో రికార్డయినవి కావు. ముఖ్యంగా తొలినాటివి అటూ ఇటూ ఉంటాయి. 80లో చెక్కిన దాన్ని 78లో తిప్పితే శ్రుతి దాదాపు పావు స్వరం దిగుతుంది. ద్వారం వయొలిన్ లాంటిది దొరికితే ఆయన తీగలు ఏ శ్రుతికి కట్టారో ఎలా తెలుస్తుంది? గాత్రమైతే ఆ గాయకుడి మామూలు శ్రుతి ఒకటిన్నరో రెండో తెలిసినవాళ్ళుంటారు. హార్మోనియం ఉన్న నాటక పద్యాలు మరీ సులువు. హార్మోనియం మెట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. అది ఏ మెట్టుకూ చెందని స్వరం పలుకుతోందంటే వేగం తప్పయి ఉండవచ్చు. మీరు ఏ వేగానికి సర్దారో ఫైలులో రాసిపెట్టండి. తర్వాత వచ్చేవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు.

లేబుల్‌ను రెండు వైపులా ఫొటో తీయాలి. చివరి గాడికీ లేబుల్‌కీ మధ్య గీకిన అంకెలు కూడా పడేలా, దీపాన్ని ఏటవాలుగా పట్టుకుని. అది మాట్రిక్స్ నంబరు, లేబుల్ చెరిగిపోయినా పాట ఏదో, ఏ సమయానిదో తేల్చేది చాలాసార్లు అదే. బొబ్బిలి వంశానికి చెందిన వి.ఎ.కె. రంగారావు మద్రాసులో వేలకొద్దీ 78 ప్లేట్లు పోగుచేసి సంగీతం మీద రాసినదాన్ని చదివితే, పాటతోపాటు ఈ చిల్లర వివరాలకు ఎంత విలువుందో తెలుస్తుంది.

ఇలా తయారైన ఫైళ్ళను ఏం చేయవచ్చు? 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం శబ్దగ్రహణం మీద హక్కు, అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదటి నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. సొంతంగా వినడానికీ, పరిశోధనకూ జరిగే న్యాయమైన వాడకాన్ని 52వ సెక్షన్ మినహాయిస్తుంది. పదిమందికీ అందుబాటులో పెట్టాలంటే 60 ఏళ్ళ లెక్క ఒక్కటే సరిపోదు. పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ వాళ్ళ మరణం తర్వాత 60 ఏళ్ళ వరకు వేరే హక్కు ఉంటుంది. 1950ల నాటి త్యాగరాజ కృతి ప్లేటుకు ఈ రెండు చిక్కులూ తీరినట్టే. అదే కాలపు సినిమా పాట ఈపీకి మొదటిది తీరినా రెండోది మిగిలే ఉండవచ్చు.